పిట్ట కన్నా ముందు కొమ్మను చూడండి: అడవిలో చిన్న పక్షులను సహజ వెలుగులో ఫొటో తీయడం ఎలా

గుప్పిట్లో ఇమిడేంత పిట్ట. ఒక కొమ్మ మీద రెండు సెకన్లు ఉంటే గొప్ప. మీరు కెమెరా ఎత్తేసరికి కొమ్మ ఊగుతుంటుంది, పిట్ట ఉండదు. కొత్తగా మొదలుపెట్టిన ఎవరి మెమరీ కార్డు చూసినా ఖాళీ కొమ్మల ఫొటోలే ఎక్కువ. నా మొదటి ఏడాది కూడా అలాగే గడిచింది. పిట్ట ఎటు కదిలితే అటు లెన్స్ తిప్పుతూ, పొదల వెంట తిరిగేవాణ్ణి.

ఒక డిసెంబరు ఉదయం వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో అలా తిరిగి తిరిగి అలసిపోయి ఒక బండ మీద కూర్చున్నాను. ఎదురుగా, చెట్ల సందులోంచి నీరెండ పడుతున్న చిన్న ఎండుకొమ్మ ఒకటి కనిపించింది. దాని మీద ఫోకస్ పెట్టి చూస్తుండగానే టికెల్స్ బ్లూ ఫ్లైకాచర్ ఒకటి వచ్చి సరిగ్గా అక్కడే వాలింది. నీలం వీపు, నారింజ రంగు రొమ్ము. ఎగిరి ఒక పురుగును పట్టుకుని మళ్ళీ అదే కొమ్మకు వచ్చింది. పావుగంటలో అలా ఆరేడుసార్లు వచ్చింది. ఏడాదంతా తిరిగినా దక్కని ఫొటో కదలకుండా కూర్చుంటే దక్కింది. అప్పటినుంచి నాది ఒకటే వరుస: ముందు వెలుగు, తర్వాత కొమ్మ, ఆ తర్వాత పిట్ట. మీకూ అదే వరుసలో చెబుతాను.

ఏ పిట్ట, ఏ కాలం

అడవికి వెళ్ళేముందే ఈసారి ఏ పిట్ట కోసం వెళ్తున్నారో అనుకోండి. ఒక్కదాన్నే అనుకోండి. అది ఏం తింటుంది, ఎంత ఎత్తులో తిరుగుతుంది, ఏ వేళలో బయటికి వస్తుంది అన్నవి తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

తెలంగాణలో, రాయలసీమలో మన అడవులు ఎక్కువగా ఆకురాల్చే అడవులు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకులు రాలిపోయి కొమ్మలు బయటపడతాయి. అదే సమయంలో మోదుగ, బూరుగ పూస్తాయి. ఆకు అడ్డం లేని చెట్టు మీద ఎర్రటి పూలు, వాటి మీద తేనెపిట్టలు! కొత్తవాళ్ళకు ఇంతకన్నా మంచి కాలం లేదు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఉత్తరాది నుంచి వలస వచ్చే చిన్న ఫ్లైకాచర్లు, వార్బ్లర్లు ఉంటాయి. వలస పిట్టలకు మంచి గుణం ఒకటుంది. ఒక చోటు నచ్చితే ఆ చలికాలమంతా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. ఈ ఆదివారం ఒక పొదలో కనిపించింది వచ్చే ఆదివారం కూడా అక్కడే ఉండే అవకాశం ఎక్కువ.

వలస పిట్టల్లో పొన్నంకి పిట్ట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చలికాలానికి దక్షిణాదికి వస్తూ, ఎండాకాలం ముందు తిరిగి వెళ్తూ మన ఊళ్ళ మీదుగా పోతుంది. పచ్చ, నీలం, ఎరుపు, పసుపు కలిసిన పొట్టి తోక పిట్ట. తెల్లవారుతుండగా, పొద్దు వాలుతుండగా అరుస్తుందని తమిళులు దీన్ని ‘ఆరుగంటల పిట్ట’ అంటారు. ప్రపంచమంతా ఈ జాతి పక్షులను ‘పిట్టా’ అనే పిలుస్తుంది, ఆ మాట మన తెలుగు పిట్టే! 1816లో ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త వియో ఆ పేరును శాస్త్రీయ నామంగా పెట్టాడు. ఈ పిట్ట నేల మీద, ఎండుటాకుల మధ్య, మసక వెలుగులో తిరుగుతుంది. అందుకే కొత్తల్లో దీని జోలికి పోవద్దు. చేయి తిరిగాక వెళ్ళండి.

అసలు మొదటి నెల రోజులు అడవికి వెళ్ళకపోయినా ఫర్వాలేదు. ఊళ్ళో మామిడి చెట్టు మీద బదనిక పట్టి ఉంటుంది చూడండి. దాని పూలకు తేనెపిట్టలు, పళ్ళకు ఫ్లవర్‌పెక్కర్ వస్తాయి. ఫ్లవర్‌పెక్కర్ పొడవు 8 సెంటీమీటర్లే, మన దేశంలోని అతి చిన్న పక్షుల్లో ఒకటి. సింగపూర్ చెర్రీ చెట్టున్నా వస్తుంది. ‘చిక్, చిక్’ మని పదునుగా అరుస్తుంది. దాన్ని ఫ్రేములో నిలపగలిగితే అడవిలో ఏ పిట్టకూ మీరు కంగారు పడరు. పూసిన మునగ చెట్టు, పెరట్లో మందార, కుండీల మధ్య దూరే కుట్టుపిట్ట, అన్నీ పాఠాలే.

హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకు ఊరి నడిమధ్యే సుమారు 390 ఎకరాల కేబీఆర్ జాతీయ వనం ఉంది, చిలుకూరు దగ్గర మృగవని ఉంది. కెమెరాకు అనుమతి, రుసుము గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి. నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా కాలినడకన లోపలికి పోకూడదు.

కెమెరా ఇంట్లోనే సిద్ధం కావాలి

లెన్స్ గురించి ముందు ఒక లెక్క. 400 ఎంఎం లెన్సు, క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేము కన్నా చిన్న సెన్సర్) ఉన్న కెమెరా అనుకుందాం. 10 సెంటీమీటర్ల తేనెపిట్ట మీకు 6 మీటర్ల దూరంలో ఉంటే ఫ్రేము వెడల్పులో నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ నింపుతుంది. 12 మీటర్లకు వెళ్తే అందులో సగమే. అంటే లక్షలు పెట్టి పెద్ద లెన్సు కొనడం కన్నా నాలుగు మీటర్లు దగ్గరగా కూర్చోవడం ఎక్కువ మేలు చేస్తుంది. 70-300 జూమ్ ఉన్నా మొదలుపెట్టండి. 100-400, 150-600 జూమ్‌లు ఉంటే హాయి. 600 ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని) లెన్సులు బరువు, చిన్న పిట్ట వెంట గబుక్కున తిప్పడం కష్టం. అడవి బాటలో చేత్తో పట్టుకుని తిప్పగలిగే లెన్సే మంచి లెన్సు అని నా నమ్మకం.

ఇక సెట్టింగులు. మోడ్ మాన్యువల్‌లో పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఒక్కటి ఆటోలో వదిలేయండి. షట్టర్ స్పీడు, అపర్చర్ మీ చేతిలో ఉంటాయి. వెలుగు మారితే ఐఎస్ఓ దానంతటదే సర్దుకుంటుంది. అడవిలో వెలుగు ప్రతి అడుగుకూ మారుతుంది కాబట్టి ఇంతకన్నా సుఖమైన పద్ధతి నాకు కనిపించలేదు. అపర్చర్ మీ లెన్సు ఎంత తెరుచుకుంటే అంత, ఎఫ్ 5.6 అయినా 6.3 అయినా. షట్టర్ 1/1000 సెకనుతో మొదలుపెట్టండి.

కొమ్మ మీద కూర్చున్న పిట్టకు 1/1000 దేనికి అనిపిస్తుంది. కూర్చున్న పిట్టను ఒక్క నిమిషం కళ్ళార్పకుండా చూడండి. తల అటు, ఇటు, పైకి. తోక కిందికి, పైకి. ఒక్కో కదలిక రెప్పపాటులో అయిపోతుంది. మొదట్లో నేను 1/250తో తీసేవాణ్ణి. కెమెరా వెనక స్క్రీన్ మీద అన్నీ బాగానే కనిపించేవి. ఇంటికొచ్చి పెద్దగా చూస్తే కాళ్ళు, గోళ్ళు స్పష్టంగా ఉండేవి, తల మాత్రం మసక. కాళ్ళు కొమ్మను పట్టుకుని ఉన్నాయి, తల తిరుగుతోంది! అందుకే 1/1000. ఎండ బాగా ఉంటే 1/2000కు పెంచండి. ఎగిరే క్షణం కావాలంటే 1/3200 అయినా ఉండాలి. పిట్ట నిజంగానే కుదురుగా కూర్చుంటే, ముందు 1/1000తో నాలుగు ఫొటోలు భద్రం చేసుకుని, ఆ తర్వాత 1/320కి దింపి ఇంకొన్ని తీయండి.

ఐఎస్ఓ పెరుగుతుందని టెన్షన్ వద్దు. పది గంటల ఎండలో ఆరుబయట 400 ఐఎస్ఓ, ఎఫ్ 5.6 పెడితే 1/3200 దాకా వస్తుంది. అదే చెట్టు నీడలోకి వస్తే వెలుగు నాలుగు స్టాపులు పడిపోవచ్చు, అంటే పదహారో వంతు. అప్పుడు అదే 400 దగ్గర మీకు దొరికేది 1/200. దాన్ని 1/1000 చేయాలంటే ఐఎస్ఓ 2000 కావాలి. గుబురు కింద 4000, 6400 కూడా మామూలే. ఐఎస్ఓ వల్ల వచ్చే గరుకును సాఫ్ట్‌వేర్ తగ్గిస్తుంది, కదిలిపోయిన కంటిని ఏదీ తిరిగి తేలేదు. ఫైలు ‘రా’ (RAW) ఫార్మాట్‌లోనే తీయండి, అందులో సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉంటుంది. ఆకుల మధ్య వెలుగు పచ్చగా పడి పిట్ట తెల్లటి పొట్ట కూడా పచ్చబారుతుంది. రా ఫైలు ఉంటే ఆ రంగును ఇంటికొచ్చాక నిమిషంలో సరిచేయొచ్చు.

పొద్దు పొడిచేలోపు చేరండి, ముందు వినండి

సూర్యోదయానికి పావుగంట ముందే అక్కడ ఉండాలి. రాత్రంతా ఆకలితో ఉన్న పిట్టలు మొదటి రెండు గంటలు తిండి మీదే ఉంటాయి, మనుషులను అంతగా పట్టించుకోవు. ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు చాలు, మిలిటరీ బట్టలు అక్కర్లేదు. గలగలలాడే ప్లాస్టిక్ కవర్లు, చప్పుడు చేసే చెప్పులు మాత్రం వద్దు. ఫోను సైలెంట్‌లో పెట్టండి.

చేరాక కెమెరా తీయకండి. పది నిమిషాలు వినండి. ఎక్కడ ఎక్కువ అరుపులు వినిపిస్తున్నాయి, అవి కదులుతున్నాయా, ఒకేచోట ఉన్నాయా? ఒకేచోట ఉంటే అక్కడ పూలో, పళ్ళో, నీళ్ళో ఉన్నాయి. కదులుతుంటే అది కలగలుపు గుంపు అయి ఉండొచ్చు, అదే అడవిలో దొరికే పెద్ద వరం.

చలికాలంలో రకరకాల చిన్న పిట్టలు కలిసి వేటాడుతూ చెట్టు నుంచి చెట్టుకు సాగిపోతుంటాయి. మినివెట్లు, పచ్చటి అయోరా, తెల్లకంటి పిట్టలు, విసనకర్రలా తోక విప్పే దాసరి పిట్ట, ఒక వడ్రంగి పిట్ట, తోడుగా నల్లటి పసులపోలిగాడు. ఒకటి కదిపితే లేచిన పురుగు ఇంకొకదానికి దొరుకుతుంది. ఇరవై జతల కళ్ళు ఉంటే డేగ వచ్చినప్పుడు ముందే తెలుస్తుంది. ఐదు నిమిషాలు మీ తల మీద సందడి చేసి వెళ్ళిపోతాయి, తర్వాత గంటసేపు అడవి మూగబోతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు గుంపు వెనకాల నడవడం. వెనకాల ఉంటే మీకు తోకలే దొరుకుతాయి. గుంపు ఎటు సాగుతోందో గమనించండి. బాట వెంబడి పక్కనుంచి చుట్టు తిరిగి ఒక ముప్పై మీటర్లు ముందుకు వెళ్ళి, వెలుగు బాగున్న చెట్టు ఒకటి చూసుకుని దాని ముందు నిలబడండి. గుంపే మీ దగ్గరికి వస్తుంది. అందులో అన్నిటినీ తీయాలని ఆశపడవద్దు. తక్కువ ఎత్తులో తిరిగే ఒక్కదాన్ని పట్టుకోండి. నాకైతే దాసరి పిట్ట అంటే ఇష్టం. అది తక్కువ ఎత్తులో తిరుగుతుంది, మనిషికి పెద్దగా జంకదు. దాని ఆటలో ఒక తాళం ఉంది. కొమ్మ మీద వాలగానే ఎడమకు తిరుగుతుంది, కుడికి తిరుగుతుంది, తోక విప్పుతుంది, విప్పిన తోకతో అరక్షణం ఆగుతుంది. తిరిగేటప్పుడు తీస్తే అంతా మసక. ఆ ఆగే అరక్షణం కోసం వేలు సిద్ధంగా ఉంచండి. నాలుగైదుసార్లు చూస్తే ఎప్పుడు ఆగుతుందో మీకే తెలిసిపోతుంది.

కొమ్మను ఎలా ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, తొందరపడకండి.

ముందు మీ నీడ ఎటు పడుతోందో చూడండి. నీడ మీ ముందుకు పడితే సూర్యుడు మీ వెనకున్నాడు, ఆ దిక్కున కొమ్మలు వెతకండి. నీడ కాస్త పక్కకు పడితే ఇంకా మంచిది. పక్కనుంచి వచ్చే నీరెండలో ఈకల మెత్తదనం, రొమ్ము గుండ్రదనం తెలుస్తాయి. పొద్దున్న తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఈ వెలుగు దొరుకుతుంది. పల్చటి మబ్బు పట్టిన రోజైతే రోజంతా తీయొచ్చు, ఆ వెలుగులో నల్లపిట్టకూ తెల్లపిట్టకూ ఒకేలా న్యాయం జరుగుతుంది.

భయపడాల్సింది ఎండపొడలకు. చెట్టు కింద ఆకుల సందుల్లోంచి నాణేల్లా పడే ఎండ కంటికి అందంగా ఉంటుంది, ఫొటోలో పిట్టను ముక్కలు చేస్తుంది. తల మీద తెల్లటి మచ్చ, పొట్ట మీద నల్లటి నీడ. అలాంటి చోటును వదిలేసి, పూర్తిగా నీడ ఉన్న కొమ్మనో, పూర్తిగా ఎండ ఉన్న కొమ్మనో చూసుకోండి. నీడలోని కొమ్మ అయితే పైన కాస్త ఆకాశం తెరిచి ఉన్న చోటు మంచిది. ఆ తెరపి వెలుగు పిట్ట కంట్లో చిన్న మెరుపు చుక్కగా పడుతుంది. ఆ చుక్క లేని కన్ను జీవం లేనట్టే ఉంటుంది.

తర్వాత కొమ్మ వెనక ఏముందో చూడండి. పిట్ట మీకు ఆరు మీటర్లలో, వెనక పొద ఇరవై మీటర్లలో ఉంటే పొద మెత్తటి పచ్చటి రంగుగా కరిగిపోతుంది. పొద కొమ్మకు ఆనుకుని ఉంటే ప్రతి ఆకూ గొడవ చేస్తుంది. కొన్నిసార్లు మీరు అరడుగు పక్కకు జరిగితే చాలు, వెనక తెల్లగా మెరిసే ఆకాశపు ముక్క తప్పిపోయి ముదురు నీడ వచ్చేస్తుంది.

ఎత్తు కూడా చూసుకోవాలి. చిటారు కొమ్మ మీది పిట్టను కిందనుంచి తీస్తే పొట్ట, కాళ్ళే కనిపిస్తాయి. పిట్ట కంటికి మన కన్ను సూటిగా ఉండాలి. అనంతగిరి లాంటి కొండల్లో దీనికి ఒక వెసులుబాటు ఉంది. వాలు పైన నిలబడితే కింద ఉన్న చెట్ల తలలు మన కంటి ఎత్తుకు వస్తాయి. కొండ బాట మలుపుల్లో ఇలాంటి చోట్లు వెతికి పెట్టుకోండి.

చివరగా, పిట్ట ఎందుకు వస్తుందో ఆ కొమ్మ చెప్పాలి. పూలు, పళ్ళు, పురుగులు ఎగిరే ఎండతెర, నీళ్ళకు దిగే మెట్టు, ఏదో ఒకటి ఉండాలి. కొమ్మ మీద తెల్లటి రెట్టల మరకలు ఉన్నాయంటే అది పిట్టలు వాడుకునే కొమ్మే. ఫ్లైకాచర్లు, పసరిక పిట్టలు, పసులపోలిగాడు వేటాడి తిరిగి అదే కొమ్మకు వచ్చే అలవాటున్నవి. కుట్టుపిట్ట, వార్బ్లర్లు అలా కాదు, అవి పొదలోంచి పొదలోకి దూరుతూ పోతాయి. వాటికి పొద చివర ఖాళీగా కనిపించే రెమ్మను చూసి పెట్టుకోవాలి.

కొమ్మ దొరికాక పిట్ట రాకముందే దానికి రెండు ఫొటోలు తీసి చూడండి. ఐఎస్ఓ ఎంత వచ్చింది, ఏమైనా అడ్డం ఉందా, బ్యాక్‌గ్రౌండ్ ఎలా ఉంది. తర్వాత కూర్చోండి. నేల మీద కూర్చుని మోచేతులు మోకాళ్ళ మీద ఆనిస్తే ట్రైపాడ్ అక్కర్లేదు. పెద్ద లెన్సు అయితే మోనోపాడ్ చాలు. అరగంట కదలకండి. మొదటి పది నిమిషాలు అడవి మిమ్మల్ని గమనిస్తుంది, ఆ తర్వాత మరిచిపోతుంది.

ఫోకస్

కెమెరాలో ఎడతెగని ఫోకస్ ఎంచుకోండి. కానన్‌లో ఏఐ సర్వో లేదా సర్వో అనీ, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి అనీ ఉంటుంది. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో పక్షి కన్నును పట్టుకునే సదుపాయం ఉంటే వేసి ఉంచండి, చాలా సాయం. గుబురు కొమ్మల్లో మాత్రం అది ముందున్న ఆకును పట్టుకుంటుంది. అలాంటప్పుడు ఒకే చిన్న పాయింటుకు మారి, ఆకుల సందులోంచి పిట్ట కన్ను మీద పెట్టాలి. ఈ రెండింటినీ రెండు వేర్వేరు బటన్లకు ఇచ్చుకుంటే కన్ను వ్యూఫైండర్ నుంచి తీయకుండానే మారొచ్చు.

కన్ను మీదే ఎందుకంటే, 400 ఎంఎం లెన్సుతో ఎఫ్ 5.6 దగ్గర 5 మీటర్ల దూరంలో స్పష్టంగా ఉండే మందం మూడున్నర సెంటీమీటర్లు మాత్రమే. తేనెపిట్ట మీకు ఎదురుగా ముఖం పెడితే ముక్కు కొన నుంచి తోక దాకా అందులో పట్టదు. ఫోకస్ రెక్క మీద పడితే కన్ను పోయినట్టే. పిట్ట పక్కకు తిరిగి ఉన్నప్పుడు, తల కొంచెం మీ వైపు వంచినప్పుడు తీయండి.

పిట్టను లెన్సులో వెతకడం పెద్ద సమస్య. చూపు పిట్ట మీదనుంచి తీయకుండా కెమెరాను కంటి దగ్గరికి తెచ్చుకోవడం అలవాటు చేసుకోండి. కెమెరాను చూసి, మళ్ళీ పిట్టను చూస్తే అది పోతుంది. జూమ్ ఉంటే తక్కువలో వెతికి, కనపడ్డాక పెంచండి. ఇంటి మేడ మీదనుంచి వెళ్ళే కాకులతో, గోడ మీది గోరింకలతో రోజూ పది నిమిషాలు చేయండి. రెండు వారాల్లో చేతికి వస్తుంది.

ఇంకో సులువు. మీరు ఎంచుకున్న కొమ్మ మీద ముందే ఫోకస్ చేసి ఉంచండి. పిట్ట వచ్చినప్పుడు లెన్సు ఆ చివర నుంచి ఈ చివరకు వెతుక్కోదు, చిన్న సర్దుబాటుతో అందుకుంటుంది. బర్స్ట్‌లో, అంటే వరసగా తీయండి కానీ మూడు నాలుగు చొప్పున. బటన్ నొక్కి పట్టుకుంటే సరిగ్గా తోక విప్పే వేళకు కెమెరా బఫర్ (ఫొటోలు కార్డుకు చేరేలోపు ఉండే చోటు) నిండి ఆగిపోతుంది. దగ్గరగా ఉన్న పిట్ట షట్టర్ చప్పుడుకు ఉలిక్కిపడుతుంటే శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడొచ్చు. అయితే చాలా కెమెరాల్లో దానితో ఎగిరే రెక్కలు వంకరగా వస్తాయి, కూర్చున్న పిట్టకే వాడండి.

తెల్లపిట్ట, నల్లపిట్ట

కెమెరా ఫ్రేములోని మొత్తం వెలుగును చూసి లెక్క కడుతుంది, పిట్టను కాదు. ముదురు నీడ ముందు పారడైజ్ ఫ్లైకాచర్ మగది వాలిందనుకోండి, పొడవాటి తోక రిబ్బన్లతో తెల్లటి ఒళ్ళు. కెమెరా చీకటిని చూసి వెలుగు పెంచుతుంది, తెల్ల ఈకలు సున్నం పూసినట్టు అయిపోతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1కి దింపండి. ఆకాశం ముందు కూర్చున్న పసులపోలిగాడికి ప్లస్ 1, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. ఈ డయల్ ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా వేలికి తెలియాలి. రెండు ఫొటోలు తీశాక హిస్టోగ్రామ్ (ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు చూపే గ్రాఫు) ఒకసారి చూసుకోండి. కుడి గోడకు గుద్దుకుంటే తెలుపు పోయినట్టు. పోయిన తెలుపు తిరిగి రాదు, కొంచెం నల్లబడితే తేవచ్చు.

ఎండాకాలం, నీళ్ళ దగ్గర

ఏప్రిల్, మే నెలల్లో అడవిలో నీళ్ళు తగ్గిపోతాయి. వాగులో మిగిలిన చిన్న మడుగు దగ్గర ఎనిమిది పది మీటర్ల దూరంలో, చెట్టు నీడలో మధ్యాహ్నం మూడింటికే కూర్చోండి. నాలుగు దాటాక ఒక్కొక్కటే స్నానానికి దిగుతాయి. నేరుగా నీళ్ళలోకి ఏదీ దిగదు. ముందు పై కొమ్మ, తర్వాత కింద కొమ్మ, తర్వాత రాయి, అప్పుడు నీళ్ళు. మీ ఫోకస్ ఆ కింద కొమ్మ మీద ఉండాలి. పారడైజ్ ఫ్లైకాచర్ కొమ్మ మీదనుంచి నీళ్ళలోకి దూకి లేచి మళ్ళీ కొమ్మ మీదికే వచ్చి ఈకలు దులుపుకుంటుంది. ఆ దులుపులో నీటి తుంపరలు కావాలంటే 1/2000 పెట్టండి.

ఆ చుట్టుపక్కల నీళ్ళు ఆ మడుగులోనే ఉంటే మాత్రం ఎక్కువసేపు కూర్చోకండి. మీకు భయపడి దాహంతో ఆగిపోయే ప్రాణులు మీకు కనిపించకుండానే ఉంటాయి. గంటలో లేచి రండి.

దీన్నే ఇంట్లో చేయొచ్చు. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీళ్ళు పోసి, నీరెండ పడే చోట పెట్టండి. పక్కన ఒక ఎండుకొమ్మను నిలబెట్టండి. దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ నీళ్ళు మార్చండి. వారం పది రోజుల్లో పిగిలిపిట్టలు, కుట్టుపిట్టలు, తేనెపిట్టలు అలవాటు పడతాయి. కిటికీ వెనక కుర్చీ వేసుకుని, వెలుగు, కొమ్మ, బ్యాక్‌గ్రౌండ్ మూడూ మీ ఇష్టప్రకారం పెట్టుకుని నేర్చుకోవచ్చు.

గూడు కనిపిస్తే వెనక్కి తిరగండి

ఇది మొహమాటం లేకుండా చెబుతున్నాను. గూటి దగ్గర ఫొటోలు తీయకండి. పిట్ట నోట్లో పురుగు పెట్టుకుని తిండి తినకుండా, గూటికి పోకుండా కొమ్మ మీద తచ్చాడుతోందంటే, మీరు గూటికి దగ్గరగా ఉన్నారని అర్థం. ఆ క్షణమే వెనక్కి రండి. కుట్టుపిట్ట ఆకులను దారంతో కుట్టి గూడు కడుతుంది. ఫొటోకు అడ్డం వచ్చిందని పక్క ఆకును తుంచినా, వంచి కట్టినా ఆ గూడు ఎండకూ కాకి కంటికీ బయటపడినట్టే. ఒకసారి అలా ఎవరో ఆకులు తప్పించి వెళ్ళిన గూడును మర్నాడు చూశాను. ఖాళీగా ఉంది, కింద ఈకలు ఉన్నాయి. ఇప్పటికీ ఆ పొద పక్కనుంచి వెళ్తే నాకు మనసు బరువెక్కుతుంది.

ఫోనులో పిట్ట అరుపు పెట్టి రప్పించడం కూడా వద్దు. పరాయి మగపిట్ట తన చోటుకు వచ్చిందనుకుని అది తిండి, పిల్లలను వదిలేసి వెతుక్కుంటూ వస్తుంది. ఫ్లాష్ వద్దు, పురుగులను ఎర వేయడం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత ప్రాంతాల్లో ప్రాణులను ఇబ్బంది పెట్టడం నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, భయపడిన పిట్ట ఫొటోలో తెలిసిపోతుంది. ఈకలు ఒంటికి అంటుకుపోయి, మెడ నిక్కి, కళ్ళు విప్పారి ఉంటాయి. నిశ్చింతగా ఉన్న పిట్ట ఈకలు పొంగించుకుని గుండ్రంగా కూర్చుంటుంది. అదే మనకు కావాల్సిన ఫొటో.

ఇంటికొచ్చాక

ముందు కార్డులోని ఫొటోలను రెండు చోట్ల కాపీ చేయండి, ఆ తర్వాతే ఫార్మాట్. ఒక్కో ఫొటోను నూరు శాతం పెద్దది చేసి కన్ను మాత్రమే చూడండి. కన్ను స్పష్టంగా లేకపోతే మిగతాది ఎంత బాగున్నా తీసేయండి. మూడు వందల్లో పది మిగిలితే మంచి ఉదయమే. మిగిలినవాటిలో పచ్చదనం తగ్గించి, గరుకు కొంచెం తీసి, పిట్ట చూస్తున్న వైపు ఖాళీ ఎక్కువ ఉండేలా కత్తిరించండి. గరుకు మరీ తీస్తే ఈకలు మైనపు బొమ్మలా అవుతాయి, అక్కడ చేయి ఆపుకోండి.

ఆ తర్వాత ఒక నోటుబుక్కు తీసి నాలుగు మాటలు రాసుకోండి. తేదీ, చెట్టు, పిట్ట, ఆ కొమ్మ మీద ఎండ ఎన్ని గంటలకు పడింది, ఎన్ని గంటలకు దాటిపోయింది. తేదీ తప్పకుండా ఉండాలి. హైదరాబాద్‌లో జనవరి మొదట్లో పొద్దు పొడిచేది 6.45 ప్రాంతంలో, మే చివరికి 5.40కే. పొడిచే దిక్కు కూడా జరుగుతుంది. డిసెంబరులో ఏడున్నరకు వెలిగిన కొమ్మ మార్చిలో అదే వేళకు నీడలో ఉండొచ్చు, దాని పక్క కొమ్మ వెలుగుతూ ఉండొచ్చు. నా టికెల్స్ బ్లూ కొమ్మకు నా పుస్తకంలో మూడు చలికాలాల లెక్క ఉంది. డిసెంబరు మూడో వారంలో 7.20 నుంచి 7.50 దాకా అక్కడ నీరెండ పడుతుంది. అందుకే నేను ఏడింటికే ఆ బండ మీద కూర్చుంటాను.